ఒకే ఇంటిపేరు

తొకాసా పెన్‌డ్రైవ్‌ను చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని, కంప్యూటర్ల వరసల మధ్య నుంచి నడిచి వెళ్లి, సెవనైయా బల్ల మీద పడేసింది.

"ఇదిగో బావా, మీ చెల్లెలు పంపింది. కూలీ ఏమిస్తావో ముందే చెప్పు. రోజూ మోయలేక చస్తున్నా."

"వేలెడంత లేదు, దీనికి కూలీ కూడానా," అన్నాడు సెవనైయా తెర మీంచి చూపు తిప్పకుండా. "నువ్వు కాసేపు నోరు మూసుకుంటే నేనే నీకు ఎదురిస్తా."

"నోరు మూసుకుంటే మీ ఇద్దరి పనీ అవుతుందా? ఏమందో విను. పడవల పట్టికలో సమయం గడి చిన్న ఫోనులో కిందకి జారిపోతోందట. అది సరిచేసిందట. నువ్వు దాన్ని ముట్టుకోవద్దట."

"సరేనని చెప్పు."

"అక్కడే ఉంది కదా, వినే ఉంటుంది. అయినా చెబుతాలే."

వెనక వరసలో కిటికీ పక్కన కూర్చున్న లోసలీని తల వంచుకుని కీబోర్డు చూస్తోంది. ఆమెకు అతని వీపు కనిపిస్తుంది. అతనికి ఆమె కనిపించదు. వెబ్ కోర్సులో ఇద్దరినీ జతగా వేసినప్పటి నుంచీ ఇదే ఏర్పాటు.

వాళ్ల నాన్నలు సొంత అన్నదమ్ములు. పెదనాన్న కొడుకంటే అన్నే. తేడా చెప్పే మాట వాళ్ల ఊరున్న కందవు దీవిలో లేదు. ఊహ తెలిశాక అన్నాచెల్లెళ్లు ఎదురుపడి మాట్లాడుకోరు, ఒకరి పేరొకరు పలకరు, ఒకే బల్ల దగ్గర కూర్చోరు. ఫోనులోనూ అంతే. దారిలో ఎదురైతే అతను పక్కకు దిగి, ముఖం తిప్పుకుని, ఆమె వెళ్లేదాకా నిలబడతాడు. అది కోపం కాదు, మర్యాద. మేనత్త కూతురు తొకాసా సంగతి వేరు. లోసలీనికి ఆమె వదిన, సెవనైయాకు మరదలు. ఆమె ఎవరినైనా ఎంత మాటైనా అనొచ్చు. ఆ కుటుంబంలో పిల్లలందరికీ ఆ మాత్రం వెసులుబాటు ఆమె నోటి మీదుగానే దొరికేది.

జతలు వేసింది కీల్టీ సర్. బ్రిస్బేన్ నుంచి వచ్చి మూడేళ్లయింది. మంచి మనిషి, పాఠం ఓపిగ్గా చెబుతాడు. ఇంటిపేర్ల వరసలో పక్కపక్కన ఉన్నవాళ్లను జతచేశాడు. నసిలివాతా, నసిలివాతా. ఆ రోజు క్లాసు అయ్యాక లోసలీని ఆయన దగ్గరికి వెళ్లి, వేరే జత ఇవ్వమని అడిగింది.

"ఎందుకు?" అన్నాడాయన.

"అతను మా అన్న, సర్."

ఆయన నవ్వాడు. "అయితే ఇంకేం, ఇంట్లో కూడా పని చేసుకోవచ్చు."

దాని మీద ఇంకేం చెప్పాలో ఆమెకు తోచలేదు. మా అన్న అన్నాక చెప్పడానికి ఇంకేముంటుంది?

మొదట్లో ఇద్దరూ ఎవరి కంప్యూటర్ నుంచి వాళ్లు ఉమ్మడి చోటుకు కోడ్ పంపేవారు. రెండో వారమే ఇద్దరూ ఒకే ఫైలు మీద రాశారు. యంత్రం ఇద్దరి వరసలనూ ఒకదాని కింద ఒకటి పెట్టి, మధ్యలో ఎర్రగీతలు గీసి, ఏది ఉండాలో మీరే తేల్చుకోండి అంది. తేల్చుకోవాలంటే పక్కపక్కన కూర్చోవాలి. ఆ ఎర్రగీతలు అలాగే ఉండిపోయాయి, పని ఆగిపోయింది. చివరికి తొకాసా దారి చూపింది. లోసలీని రాసినదంతా పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తుంది, సెవనైయా దాన్ని తన పనిలో కలిపి పంపుతాడు. అప్పటి నుంచి ఒక్కసారి కూడా ఎర్రగీత రాలేదు.

వాళ్లు కట్టేది సూవా నుంచి దీవులకు వెళ్లే పడవల వేళలు చూపే సైటు. సర్వరు, పడవల సమాచారం దాచే చోటు సెవనైయా పని. తెర మీద కనిపించేదంతా లోసలీనిది. ఊళ్లో సిగ్నలు కొండ మీద బడి వెనక మాత్రమే వస్తుందని ఆమెకు తెలుసు. అందుకే బొమ్మలన్నీ తీసేసింది. అక్షరాలకు వేరే సొగసు పెట్టలేదు. బ్రౌజరు కిటికీని మూలకు లాగి, బొటనవేలంత చేసి, ఏ గడి ఎక్కడ విరుగుతుందో చూసి, కొలత మార్చి, మళ్లీ లాగి చూసేది. పట్టిక కుదురుకున్నప్పుడు పెదవి బిగించి ఒక్క క్షణం ఊరుకునేది, అంతే. అతను తన వైపు నుంచి పంపే సమాచారానికి ఏ పేర్లు పెడతాడో, ఏ క్రమంలో పెడతాడో ఆమెకు చెప్పకుండానే తెలిసిపోయింది. ఆమె ఎక్కడ ఖాళీ వదులుతుందో అతనికీ తెలిసింది.

కిందటేడు ఆమె ఇదే కోర్సు తప్పింది. అప్పుడు టైఫాయిడ్ వచ్చింది. ఈసారీ తప్పితే కంప్యూటర్ల చదువులో ఆమెను ఉంచరు, ఊరికి వెళ్లిపోవాలి. మర్నాడు గురువారం, మౌఖిక పరీక్ష.

"వదినా, భయంగా ఉందా?" అంది తొకాసా, తిరిగొచ్చి ఆమె పక్కన కూలబడి.

"పని గురించి లేదు. సర్ మా ఇద్దరినీ కలిపి పిలుస్తాడట."

"పక్కపక్కన కూర్చోబెడతాడు కూడా. నేనొచ్చి మధ్యలో దిండులా కూర్చోనా?"

లోసలీని నవ్వింది గానీ, చేయి కీబోర్డు మీదే ఆగిపోయింది.

*

కీల్టీ సర్ గదిలో రెండు కుర్చీలు ఉన్నాయి. సెవనైయా తన కుర్చీని గోడ వైపు జరుపుకున్నాడు. లోసలీని తన కుర్చీని తలుపు దాకా లాక్కుంది. సర్ అది చూసి కనుబొమలు ఎగరేశాడు.

"పోట్లాడుకున్నారా?"

ఇద్దరూ చెరో వైపు చూశారు.

"సరే. ఈ పరీక్ష నియమం మీకు తెలుసు. ఎవరి పని వాళ్లు కాదు, అవతలివాళ్ల పని వివరించాలి. జతగా పని చేశారో లేదో తెలిసేది అప్పుడే. లోసలీని, నువ్వు మొదలుపెట్టు. సెవనైయా రాసిన సర్వరు భాగం ఎలా పని చేస్తుంది?"

ఆమెకు అది అంగుళం అంగుళం తెలుసు. కాని చెప్పాలంటే 'ఈయన ఇలా చేశాడు' అని అతని ఎదుటే అనాలి, అతని పనిని వేలితో చూపాలి. ఆమె నోరు తెరిచింది. "అక్కడ... వేళలు అడిగినప్పుడు..." గోడ వైపున్న ఆ వీపు బిగుసుకోవడం కనిపించింది. ఆమె ఆపేసింది.

"చెప్పు, పరవాలేదు."

ఆమె చేతులు ఒడిలో పెట్టుకుని నేల చూసింది.

ఆయన కాసేపు ఆగాడు. నిజంగానే ఆగాడు. తర్వాత తెర తన వైపు తిప్పుకుని, ఉమ్మడి చోటు రికార్డు తీశాడు. మొదటి రెండు వారాలవి తప్ప, కోడ్ పంపిన ప్రతి వరుస పక్కనా ఒకటే పేరు. సెవనైయా నసిలివాతా. కిందికి జరిపేకొద్దీ అదే పేరు.

"సెవనైయా, ఈ పేజీలు ఎవరు రాశారు?"

"అన్నీ ఫైళ్లలో ఉన్నాయి, సర్."

"ఫైళ్లు చూశాను. ఎవరు రాశారని అడుగుతున్నాను. ఈ అమ్మాయి రాసిందా? అవునో కాదో చెప్తే చాలు."

సెవనైయా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, కాలి కింద చాపను చూస్తూ కూర్చున్నాడు. చెల్లెలిని ఎదురుగా పెట్టుకుని, ఆమె అక్కడ లేనట్టు, పరాయివాడితో ఆమె గురించి మాట్లాడడం ఏ అన్నా చేయని పని. లోసలీనికి అది తెలుసు. తెలిసి కూడా, ఆ క్షణాన, అతను మాట్లాడితే బాగుండునని ఆమె మనసు కొట్టుకుంది. ఒక్క 'అవును' చాలు. తల ఊపినా చాలు.

అతను ఊపలేదు.

"అర్థమైంది," అన్నాడు సర్, కోపం లేకుండా. "చుట్టాన్ని పట్టివ్వడం నీకు ఇష్టం లేదు. అది మంచి గుణమే. నేను బలవంతం చెయ్యను."

*

శుక్రవారం మార్కులు పెట్టారు. సెవనైయాకు క్లాసులో అందరికంటే ఎక్కువ. పై సెమిస్టరులో ల్యాబు సహాయకుడిగా తీసుకోబోయేది మొదటి మార్కు వచ్చినవాళ్లనేనని సర్ ముందే చెప్పి ఉన్నాడు. లోసలీని పేరు కిందుగా ఉంది. పక్కన ఒక్క మాట: స్వయంగా చేసిన పని కనబడలేదు.

తొకాసా ఆ మాటను పైకి చదివి, మళ్లీ చదివి, "ఈ సర్ కళ్లు కాకులు పొడవ," అంది. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. "ఏంటి చూస్తారు, మీ గురించి కాదులే."

లోసలీని సర్ దగ్గరికి వెళ్లింది. ఈసారి తలుపు దగ్గర నిలబడే చెప్పింది. పేజీలు తానే రాశానని, తన ఫైళ్లు తొకాసా తీసుకెళ్లేదని, అన్నతో ఎదురుగా మాట్లాడకూడదని, తడబడుతూనే అంతా చెప్పింది.

ఆయన శ్రద్ధగా విన్నాడు. "నువ్వు అబద్ధం చెబుతున్నావని నేను అనడం లేదు. కాని నాకు ఆధారం కావాలి. ఇక్కడ ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఏదో ఒక ఆచారం చెబుతారు, ఏది నిజమో నాకెలా తెలుస్తుంది? అతను వచ్చి ఒక్క మాట చెప్పనీ. సోమవారం మధ్యాహ్నం మార్కులు పైకి పంపుతాను. ఈలోగా చెప్తే మారుస్తాను."

"తొకాసా చెబితే?"

"తొకాసా నీ చుట్టమే కదా."

ఇంటికెళ్లే బస్సులో కిటికీకి టార్పాలిన్ దించి ఉంది, వాన సన్నగా లోపలికి కొడుతోంది. తొకాసా ఒళ్లో పొట్లం విప్పి రోటీ సగం తుంచి ఇచ్చింది.

"బావకి చెప్పాను. సోమవారం వెళ్లి చెప్పమన్నాను."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. ఆ ముఖం చూస్తే దేవుడికే జాలేస్తుంది." కాసేపు నమిలి మళ్లీ అంది. "వదినా, ఒకటడగనా? నిన్న బావ నోరు తెరవనిది మర్యాద వల్లేనా? మార్కుల వల్ల కాదు కదా?"

"అలా అనకు."

"నేను అనొచ్చు. నువ్వు అనకూడదు. అందుకే నేను అంటున్నా."

లోసలీని రోటీని చేతిలో పట్టుకుని కూర్చుంది. ఆ మాట నిన్న ఆ గదిలోనే ఆమెకు తట్టింది. తట్టినందుకు రాత్రి ప్రార్థనలో దేవుణ్ణి క్షమించమని కూడా అడిగింది.

*

లోసలీని ఉండి చదువుకుంటున్నది తొకాసా వాళ్లింట్లోనే. శనివారం సాయంత్రం తొకాసా అమ్మ విలిమైనా అత్త కర్రపెండలం ఉడకేసి, చేమాకు కొబ్బరిపాలలో వేస్తుండగా, గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. వాళ్ల ఊరివాడే, చర్చిలో పెద్ద, జొసెవాతా తాత. ఆయన వెనకాల ఇస్త్రీ చేసిన సులు లుంగీలా కట్టుకుని సెవనైయా. చేతిలో వార్తాపత్రికలో చుట్టిన యంగోన వేళ్ల కట్ట, పెద్దల ముందు పెట్టి మాట అడిగే కానుక.

లోసలీని గబుక్కున వంటింట్లోకి తప్పుకుంది. గుండె తేలికైంది. సోమవారం వెళ్తానని చెప్పడానికి వచ్చి ఉంటాడు. పెద్దవాళ్లతో వచ్చి చెబుతున్నాడంటే గట్టి మాటే.

తలుపు చాటున చాప అంచు మీద కూర్చుంది. తొకాసా నాన్న ఎపెలి మామయ్య చొక్కా తొడుక్కుని వచ్చి కూర్చున్నాడు. తాత కట్టను ముందు పెట్టి, తల వంచి, మెల్లగా మొదలుపెట్టాడు.

"ఈ ఇంటి పెద్దలకు. ఈ కుర్రాడు తప్పు చేశాడు. ఈ ఇంట్లో ఉన్న చెల్లెలికి అవసరమొచ్చిన చోట నోరు పెగల్లేదు. దానికి సిగ్గుపడుతున్నాడు. ఇది చిన్న వేరు. దీని కింద ఆ తప్పును పాతిపెట్టమని అడగడానికి వచ్చాం."

సెవనైయా నుదురు చాపకు ఆనేంత వంగి కూర్చున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడు.

మామయ్య కట్ట మీద చేయి వేశాడు. "తీసుకున్నాం. పిల్లలన్నాక ఏదో ఒక పొరపాటు జరుగుతుంది. ఇక్కడితో అయిపోయింది. ఇక ఈ ఇంట్లో గాని, బయట గాని ఈ మాట ఎవరూ ఎత్తరు. దేవుడు సాక్షి." మాట ఖాయమైందన్న గుర్తుగా అరచేతులు గుల్లగా పట్టి చప్పట్లు కొట్టాడు. గదిలో అందరూ కొట్టారు. వంటింటి గుమ్మంలో నిలబడి విలిమైనా అత్త కూడా, కొబ్బరిపాలు అంటిన చేతులతో, కొట్టింది.

తొకాసా మాత్రం గిన్నె మూత తీసి చూస్తున్నట్టు పొయ్యి వైపు తిరిగి ఉండిపోయింది.

తర్వాత వేరు దంచి నీళ్లలో కలిపారు, తాగే కొబ్బరి చిప్పలు తిప్పారు, తాత ఊరి సంగతులు చెప్పాడు. మామయ్య నవ్వు వినిపించింది. సోమవారం గురించి ఎవరూ ఏమీ అనలేదు.

వాళ్లు వెళ్లాక తొకాసా గొంతు తగ్గించి అంది. "వేళ్లు ఇచ్చాడు. మార్కులు ఉంచుకున్నాడు."

*

ఆదివారం చర్చి నుంచి వచ్చాక అత్త నిమ్మాకు టీ పెట్టింది. లోసలీని ఆమె పక్కన కూర్చుని కప్పులు తుడుస్తూ అడిగింది.

"అత్తా, నేను క్షమించానని అనలేదు కదా?"

"నువ్వెందుకు అనాలమ్మా? నీ తరఫున మామయ్య అన్నాడు. దాన్నే ఇల్లంటారు."

"రేపు నేను సర్‌ని మళ్లీ అడగొద్దా?"

అత్త కప్పు కింద పెట్టింది. "అడిగితే ఆయన వాణ్ణి పిలుస్తాడు. పాతిపెట్టింది తవ్వినట్టవుతుంది. వాడు తల నేలకి పెట్టి ఏడ్చాడు, చూశావు కదా."

"చూశాను. కానీ అత్తా, అన్న తల వంచింది మామయ్య ముందు. సర్‌కి అదేం తెలుసు? నేను ఊరికి వెళ్లిపోతే కూడా అయిపోయినట్టేనా?"

అత్త టీ గిన్నెలో గరిటె తిప్పింది. పొద్దున చర్చిలో పాటల బృందంలో ముందు నిలబడి పాడిన మనిషి. క్షమించమన్న మాటను ఎన్ని వేలసార్లు విని ఉంటుందో.

"క్షమించడం అంటే దేవుడు కూడా ఏదో ఒకటి వదులుకున్నాడమ్మా," అంది చివరికి.

"ఆయన తనది వదులుకున్నాడు అత్తా. ఇక్కడ వదులుకోమంటున్నది నన్ను."

అత్త ఆమెను కసరలేదు. తలపై చేయి వేసి, "నాకు అంత తెలీదే," అని మాత్రం అని, టీ వడపోసింది.

*

సోమవారం పదింటికి లోసలీని ఒక్కతే వెళ్లింది. తొకాసాను రానివ్వలేదు.

"అతన్ని పిలవండి, సర్."

కీల్టీ సర్ ఆమె ముఖం చూసి, ఇంకేమీ అడగకుండా పక్క ల్యాబుకు కబురు పంపాడు. సెవనైయా తలుపు దాకా వచ్చి, లోపల ఆమెను చూసి ఆగిపోయాడు. శనివారం తర్వాత ఇది జరగదని అతను నమ్మాడని ఆ ఆగడంలోనే తెలిసింది. ఆమె కిటికీ వైపు జరిగింది. ఈసారి తల మాత్రం వంచలేదు.

"ఒకటే ప్రశ్న," అన్నాడు సర్. "పేజీలు ఎవరు రాశారు?"

బయట గడ్డి కోసే యంత్రం చప్పుడు దగ్గరికొచ్చి, దూరమైంది.

"ఆమే," అన్నాడు సెవనైయా. "తెర మీద కనపడేదంతా ఆమే రాసింది. నేను కలిపి పంపానంతే. పట్టికలో ఏ వరుసా నాది కాదు."

"నీ మార్కు తగ్గుతుంది, తెలుసు కదా? చెరి సగం చేయాల్సి వస్తుంది. ల్యాబు పనికి కూడా వేరేవాళ్లను చూసుకోవాలి."

"తెలుసు, సర్."

సర్ కీబోర్డు మీద ఏదో కొట్టాడు. తర్వాత ఇద్దరినీ చూసి సంతోషంగా నవ్వాడు. నిజంగానే సంతోషించాడు, పాపం. "లోసలీని, పాసయ్యావు. చూశారా, అర నిమిషం కూడా పట్టలేదు. ఇంత చిన్న పనికి ఇన్ని రోజులు ఎందుకు బాధపడ్డారో నాకు అర్థం కాదు."

ఇద్దరూ థాంక్యూ చెప్పి బయటికొచ్చారు. ముందు అతను, చాలా వెనగ్గా ఆమె. మెట్ల దగ్గర అతను ఆగాడు. ఇదివరకైతే గోడ వైపు తిరిగి దారి ఇచ్చేవాడు. ఆమె అతని వెనక నుంచి నీడ కూడా తగలకుండా దిగిపోయేది. ఇప్పుడు అతను తిరగలేదు. మెట్టు మధ్యలో నిలబడి, సూటిగా ఆమె ముఖంలోకి చూశాడు. అతని కళ్లు గోధుమరంగులో ఉంటాయని ఆమెకు ఇంతకాలం తెలియదు.

"సరిపోయిందా?" అన్నాడు.

గట్టిగా అనలేదు. క్యాంటీన్‌లో ముక్కూ ముఖం తెలియని అమ్మాయిని చిల్లర సరిపోయిందా అని అడిగినట్టు అడిగాడు. అన్న అన్నవాడు చెల్లెలిని అలా అడగడు. అన్న అన్నవాడు అసలు అడగడు.

ఏం చేయాలో లోసలీనికి తెలుసు. తల వంచుకుని, గోడ వైపు తిరిగి నిలబడాలి. అలా నిలబడితే ఆ మాట అతను అననట్టే, ఆమె విననట్టే. అతను దిగిపోతాడు. వచ్చే ఆదివారం అతను చర్చిలో మగవాళ్ల వైపు కూర్చుంటాడు, అన్నీ మళ్లీ ఎప్పటిలా ఉంటాయి. మెడ దానంతటదే వంగబోయింది.

"లేదు," అంది. "గురువారమే చెప్పాల్సింది."

"నీ ఎదురుగా ఎలా చెప్పను?" అన్నాడతను.

"ఇవాళ చెప్పావుగా."

క్లాసు వదిలారు. కింద నుంచి పిల్లలు గుంపుగా, సంచులు భుజాన వేసుకుని, కేకలు వేసుకుంటూ మెట్లెక్కి వచ్చారు. దారికి అడ్డంగా నిలబడిన ఇద్దరినీ చూసి చెరో పక్క నుంచి సర్దుకుని వెళ్లారు. వాళ్లకు అక్కడ వింతేమీ కనిపించలేదు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి మెట్ల మీద నిలబడి మాట్లాడుకుంటున్నారు.